చుక్క ఇంకేదాకా

మొన్న మా తమ్ముడు సూరత్‌లో అమ్రోలి నుంచి, మా పాత ఇంట్లోంచి ఫోన్ చేశాడు. "అక్కా, ఎనక రూముల నీళ్ళ టాంకీకి గుంత తవ్విపిస్తున్న. నాలుగు గుంజలు ఎల్లినయి. కూలోళ్ళు పొయ్యిలకు తీస్కపోతమంటున్నరు, ఇయ్యమంటవా?" అని అడిగాడు. ఇచ్చావంటే నీ గడప తొక్కనని చెప్పి ఫోన్ పెట్టేశాను. మోకాళ్ళ నొప్పులని రెండు పెళ్ళిళ్ళు ఎగ్గొట్టినదాన్ని, కడోదరా నుంచి రెండు ఆటోలు మారి ఆ మధ్యాహ్నానికల్లా అక్కడ ఉన్నాను. బయల్దేరుతుంటే మా ఆయన "కట్టెల కోసమా?" అని అడిగినట్టే గుర్తు. జవాబు చెప్పే తీరిక నాకు లేదు.

గుంజలు గోడకు చేరేసి ఉన్నాయి. నేల మీద కనపడే సగాన్ని ఏనాడో కోసేసి పైన గచ్చు పోయించారు. మట్టిలో ఉన్న సగం, మూరెడు పొడవున, అలాగే ఉండిపోయింది. తాపీ నది పొంగినప్పుడల్లా నీళ్ళు ఊరే నేల అది. అంతకాలం ఆ తడిలో ఉండి కూడా ఒక్క గుంజా పుచ్చలేదు. గోటితో మట్టి గీకితే లోపల లేత పచ్చదనం ఇంకా ఉంది. పుచ్చకుండా పచ్చ మందు పట్టించిన ఇలాంటి కట్టెను పొయ్యిలో పెట్టకూడదు, పొగ మంచిది కాదు. ఆ మాట కూలివాళ్ళకు చెప్పి గుంజలు నా పక్కన పెట్టుకున్నాను. "గింత గట్టిగ ఎట్లున్నయక్కా? ఏం కట్టె?" అన్నాడు తమ్ముడు. అవి పాతినప్పుడు వాడు ఉయ్యాలలో ఉన్నాడు, వాడికేం తెలుసు. "కట్టె సంగతి కాదురా, తాత సంగతి" అన్నాను. కూర్చోవడానికి కుర్చీ తెచ్చాడు గానీ, కథ వినడానికి మాత్రం నిలబడలేదు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆ వెనక గది ఎప్పుడు గుర్తొచ్చినా పచ్చగానే గుర్తొస్తుంది. ఇల్లు సగం కట్టి ఆపేసిన రోజులవి. ముందు గదికి గచ్చూ పైన డాబా పడ్డాయి. వెనక గది మట్టినేలతో, రేకుల కప్పుతో మిగిలిపోయింది. రేకుల మధ్య వెలుతురు కోసం ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ రేకు వేశారు. పగలంతా గదిలో ఆ పచ్చ వెలుగే పరుచుకుని ఉండేది. అందులో తిరిగే మనుషులు బరువు లేనట్టు, మెల్లగా, కలలో తిరుగుతున్నట్టు ఉండేవాళ్ళు. ముందు ఆ రంగు వస్తుంది, ఆ తర్వాత వాసనలు వస్తాయి. నూలుకు పెట్టే గంజి వాసన, తడిమట్టి వాసన, పవర్‌లూముల మీద పనిచేసి వచ్చిన, మేం బాపు అని పిలిచే మా నాన్న అంగీకి అంటిన మర నూనె వాసన. వీధికి రెండు వైపులా కార్ఖానాలే. మరమగ్గాల చప్పుడు ఎడతెరిపి లేని వానలా పడుతూనే ఉండేది. ఆ చప్పుడుకు మేం నిద్రపోయేవాళ్ళం. కరెంటు పోయి అది ఆగితేనే ఉలిక్కిపడి లేచేవాళ్ళం.

తాత సిరిసిల్ల దగ్గరి పల్లెలో బతుకంతా గుంట మగ్గం నేశాడు. నేలలో నడుము లోతు గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించి కూర్చుని నేసే చేతిమగ్గం అది. నూలు ఇచ్చే సావుకారు మానేశాక కొడుకు దగ్గరికి సూరత్ వచ్చేశాడు. వస్తూ పంచెల కన్నా ముందు, పోగులను సర్ది కొట్టే పన్నె, అడ్డపోగును మోసే నాడెలు మూట కట్టుకున్నాడు. ఆయనకొక పాడు అలవాటు ఉండేది. ఎవరి ఒంటి మీద బట్ట కనపడినా రెండు వేళ్ళ మధ్య నలిపి చూసేవాడు. సిటీ బస్సులో ముందు సీటు పెద్దమనిషి చొక్కా కాలరు పట్టుకుని "గిది బట్టనా? పాలకవర్" అని పెదవి విరిస్తే, పక్కన కూర్చున్న నేను సీటు కింద దూరిపోదామా అనుకునేదాన్ని. సూరత్‌లో పాలిస్టర్ కాక ఇంకేం దొరుకుతుంది. ఈ ఊళ్ళో ఆయనకు తెలిసిన పని లేదు, వచ్చిన భాష లేదు. పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేక గుమ్మంలో నిలబడేవాడు. ఆ నిలబడటం చూస్తే నాకు ఏడుపొచ్చేది.

బాపమ్మ, అంటే బాపును కన్న తల్లి, ఆయనకన్నా తేలిగ్గా ఈ ఊరికి అలవాటు పడింది. గుజరాతీ ఆడవాళ్ళతో చేతులు తిప్పుతూనే గంటలకొద్దీ మాట్లాడేది. కానీ ఆమెకు కళ్ళు పోతున్నాయి. నీటికాసులని చెప్పాడు కంటి డాక్టరు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నాడు. అప్పటికే ఆమెకు పక్కలు కనిపించేవి కావు. ఎదురుగా ఉన్న కాస్త మేర మాత్రమే కనిపించేది. దేన్ని చూడాలన్నా కోడి తల తిప్పినట్టు తిప్పి తిప్పి చూసేది. డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రోజు, బియ్యం ఏరుతూ, ఏదో కూరగాయల సంగతి చెప్పినట్టుగా తాతతో అంది: "గన్నేండ్లు నేస్తివి, నీ చేతి చీర ఒక్కటి గూడ నేను కట్టలే. కట్టకపోతె పాయె, కండ్లతోటి చూసినా బాగుండు."

నిజమే. నేసిన ప్రతి చీరా సావుకారుదే. నేతగాడి పెళ్ళాం అంగట్లో కొన్న మిల్లు చీరే కట్టేది. తాత ఏ రంగు కావాలని మాత్రం అడిగాడు. ఉల్లిపొర రంగు, నేరేడుపండు అంచు, అని ఆమె ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నట్టు వెంటనే చెప్పింది. మర్నాడు తాత గుమ్మంలో నిలబడలేదు. వెనక గదిలో పలుగు పట్టుకుని నేల తవ్వుతున్నాడు.

గుంట మగ్గానికి ఒక తిక్క ఉంది. నూలుకు తడి కావాలి. గుంటలో చెమ్మ ఉంటేనే పోగు తెగకుండా సాగుతుంది. మగ్గాన్ని మోసే నాలుగు గుంజలకు మాత్రం అదే తడి శత్రువు. వాళ్ళ ఊళ్ళో రాతినేల కాబట్టి సరిపోయింది, ఇక్కడ రెండు వానలకే గుంట అడుగున నీళ్ళు తేలాయి. తాత మొదట పాతిన మామూలు కట్టె నెలలోపే బూజు పట్టి ఒరిగింది. మా చిన్నాయన పాండేసరలో రంగుల మిల్లులో పనిచేసేవాడు. అక్కడ వేడినీళ్ళు చల్లార్చే పాత చెక్క కట్టడం పడగొడితే, మందు పట్టించిన పచ్చటి గుంజలు సైకిలుకు కట్టుకుని నడిపించుకుంటూ తెచ్చాడు. "మందు కట్టె. దీనికేం గాదు" అన్నాడు. తాత వాటిని పాతాడు. అవి పుచ్చలేదు గానీ నీళ్ళు తాగి ఉబ్బాయి, ఒకటి మెలితిరిగింది. బట్ట చుట్టుకునే దూలం ఒక పక్కకు వాలి, నిలువు పోగుల పడుగు సగం బిగిసి సగం వదులైంది.

వీధి మొదట్లో ఛగన్‌కాకా అని తలుపులు చేసే గుజరాతీ వడ్రంగి ఉండేవాడు. ఆయన్ని పిలుచుకొచ్చాను. ఆయన గుంజను వేలితో కొట్టి, వాసన చూసి, నావైపు తిరిగి "బేటీ, దాదా కో బోల్, యే దవా కీడే కే లియే హై. పానీ కో నహీ రోక్తీ" అన్నాడు. తాతకు హిందీ రాదు. ఇద్దరు మొండివాళ్ళ మధ్య దుబాసీని నేను. "తాతా, గీ మందు పురుగులకంట. నీళ్ళనైతే ఆపదంట. మంచిగ ఎండినంక అవిసె నూనె కాచి పట్టియ్యాల్నంట" అన్నాను. తాత నవ్వాడు. "అవిసె నూనె కుర్చీలకు, బల్లలకు పెడ్తరు బిడ్డా. మగ్గానికి మగ్గం నూనె పడ్తది గాని" అన్నాడు. కాకా తల అడ్డంగా ఊపాడు. ఆ నూనె ఎప్పటికీ ఆరదు, ముసలాయనకు చెప్పు, ఇదేమైనా మరనా అన్నాడు. చివరి మాట నేను చెప్పలేదు. చెప్పినా తాత వినేవాడు కాదు. బాపూ ఆయన వైపే. మా ఇంట్లో నూనె అంటే రెండే రకాలు, కూరలోది ఒకటి, మరలోది ఒకటి. పుట్టుకతో నేతపని చేసేవాళ్ళకు మగ్గం నూనెను మించిన నూనె ఉంటుందంటే నమ్మకం ఎలా కుదురుతుంది. బాపు కార్ఖానా నుంచి డబ్బాడు మర నూనె తెచ్చాడు. తాత గుంజలకు దట్టంగా పట్టించి, మళ్ళీ పాతి, మగ్గం ఎక్కాడు.

ఆ వానాకాలం సగం దాకా ఆయన నేస్తూనే ఉన్నాడు. రేకుల మీద వాన పడుతుంటే, పచ్చ వెలుగులో, నడుము దాకా నేలలోకి దిగి కూర్చున్న తాత నేలలోంచి మొలిచిన మనిషిలా కనిపించేవాడు. బాపమ్మ పక్కన రాట్నం దగ్గర కూర్చుని నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది. తన చీరకు తనే కండెలు చుట్టుకుంటోంది. ఆ పనికి ఆమెకు చూపు అక్కర్లేదు, వేళ్ళే చూసేవి. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి పడేసి గుంట ఒడ్డున కూర్చుంటే, నాడె అటూ ఇటూ పోతుంటే కళ్ళు మూతలు పడేవి. అంత హాయి మళ్ళీ ఎక్కడా దొరకలేదు నాకు.

బట్ట కోసే రోజు తాత తలస్నానం చేసి పన్నెకు పసుపు, బొట్టు పెట్టాడు. దూలం నుంచి చీరను విప్పుతుంటే అందరం చుట్టూ నిలబడ్డాం. ఉల్లిపొర రంగు, నేరేడు అంచు, వేలికి మెత్తగా తగిలే బట్ట. ఒక పక్క అంచును ఆనుకుని, వేలెడు వెడల్పున, మొదటి నుంచి చివరిదాకా గోధుమరంగు చార. గుంజలోని నూనె ఆరలేదు. దూలానికి పాకి, చుట్టలు చుట్టలుగా ఉన్న చీర అంచు పక్కకు పాకింది. అంచు పక్కన ఇంకో అంచు నేసినట్టే ఉంది. తాత చీరను మడత పెట్టి బాపు చేతికిచ్చి, "కార్ఖానకు తీస్కపో. మరలు తుడుస్తరు" అన్నాడు. బతుకంతా ఒక్క చీరనూ ఖరాబు చేయని మనిషి. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు.

బాపు చీర పట్టుకుని గుమ్మం దిగబోతుంటే బాపమ్మ చెయ్యి చాపింది. బాపు దాన్ని ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నేను అక్కడే ఉన్నాను. "మీ బాపుకు నోరు లేదు. నీక్కూడ ఉండొద్దు, తెల్సిందా" అంది. సోడా వేసి ఉతికింది, కుంకుడు రసంలో నానేసింది. చార పలచబడింది గానీ పోలేదు. ఆ తర్వాత రోజూ తాత ఇంట్లో అటువైపు లేని సమయం చూసి, ముందు గుమ్మం దగ్గర వెలుతురులో ఆ చీర ఒళ్ళో పరుచుకునేది. ఒక్కసారిగా అంతా ఆమెకు కనపడదు కదా. జానెడు జానెడు జరుపుకుంటూ, తల తిప్పుకుంటూ, కొంగు నుంచి కొస దాకా చూసేది. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చూసేది.

తాత మర్నాడే ఛగన్‌కాకా దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈసారి దుబాసీ అవసరం పడలేదు. నూనె తాగిన గుంజలు పనికిరావని కాకా పక్కన పడేయించాడు. చిన్నాయన మళ్ళీ నాలుగు పచ్చ గుంజలు తెచ్చాడు. వాటిని డాబా మీద, టార్పాలిన్ నీడలో, గాలి ఆడేట్టు నిలబెట్టారు. ఏళ్ళ తరబడి మిల్లు నీళ్ళలో నానిన కట్టెలో ఆ నీళ్ళు లోపలే ఉంటాయట. అవి పోయేదాకా పైన నూనె పూస్తే తడిని లోపల పెట్టి తలుపు వేసినట్టే అన్నాడు కాకా. ఎండిందో లేదో తెలియడానికి ఒకటే పరీక్ష. వేలితో ఒక నీటిచుక్క వేయాలి. చుక్క గుండ్రంగా నిలబడితే కట్టెకింకా దాహం లేదు. చూస్తుండగానే ఇంకిపోతే నూనెకు సిద్ధంగా ఉన్నట్టు.

ఆ రోజులు తల్చుకుంటే కాలం ఆగినట్టే ఉంటుంది. తాత పొద్దున్నే చెంబుతో నీళ్ళు పట్టుకుని డాబా ఎక్కేవాడు. నాలుగు గుంజల మీద నాలుగు చుక్కలు వేసి, గొంతుక్కూర్చుని చూసేవాడు. చుక్కలో ఆకాశం కనిపించేది, కార్ఖానా పొగగొట్టం తలకిందులుగా కనిపించేది. చుక్క కదిలేది కాదు. మధ్యాహ్నం మళ్ళీ వేసేవాడు. సాయంత్రం మళ్ళీ. మా అమ్మ ఒకరోజు మెట్ల మీద నిలబడి, "మామా, జర జల్దీ కానియ్యిండ్రి. అత్తమ్మ చాయ కప్పుల కాకుండ పక్కపొంటి పోస్తున్నది" అంది. తాత తల ఎత్తకుండా, "తొందరపడే గదమ్మా ఒకటి ఖరాబ్ జేసిన" అన్నాడు. అమ్మ దిగి వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం చుక్క ఇంకింది. తాత నా భుజం పట్టుకున్నాడు. అప్పుడు కాకా అవిసె నూనె కాచి, కాస్త మైనం కలిపి తెచ్చాడు. కట్టె పక్కల నుంచి కన్నా కొసల నుంచి ఎక్కువ తాగుతుందని చెప్పి, కింది కొసలను ఒక పగలంతా నూనె డబ్బాలో నిలబెట్టించాడు. ఆ తర్వాత పూత, తుడుపు, నాలుగు రోజులు ఆరబెట్టడం. మళ్ళీ పూత. ఇల్లంతా కొత్త తలుపు వాసన వేసింది. మూడో పూత ఆరాక తాత చుక్క వేస్తే అది నిలవకుండా జారి కింద పడింది. ఇన్నాళ్ళూ ఇంకాలని చూసిన చుక్క ఇంకకూడదని ఈసారి చూశాం. అప్పటికి వానలు పోయాయి. గుంజలు పాతి, పడుగు ఎక్కించి, తాత మళ్ళీ గుంటలోకి దిగాడు.

ఇదంతా తలుచుకుంటూ మొన్న సాయంత్రం మా మేనల్లుడి వెంట వాడు పనిచేసే కార్ఖానా చూడ్డానికి వెళ్ళాను. ఇప్పుడు అక్కడ నాడె లేదు. సన్నటి నీటిధార పోగును పట్టుకుని ఇటు నుంచి అటు దూకుతుంది. నేలంతా నీళ్ళే. పిల్లలు రబ్బరు బూట్లు వేసుకుని తిరుగుతున్నారు. వెతికినా ఒక్క కట్టె ముక్క కనపడలేదు. నీళ్ళను దూరం పెట్టడానికి మా తాత అన్నాళ్ళు కూర్చున్నాడు, ఇప్పుడు నీళ్ళే నేస్తున్నాయి. నేను చాయ్ తాగి కప్పు కింద పెట్టేలోపు చీరెడు బట్ట దిగింది. బాగుంది, నేను కాదనను. ఎవరి కోసం నేస్తున్నావురా అని మేనల్లుణ్ణి అడిగితే, "ఓనర్ కోసం అత్తా, ఇంకెవరి కోసం" అన్నాడు. తాత కూడా బతుకంతా చెప్పగలిగిన జవాబు అదే, ఆ రెండు చీరలు తప్ప.

రెండో చీర దీపావళి వెళ్ళాక దిగింది. ఎక్కడా చిన్న మచ్చ లేదు. తాత దాన్ని తెచ్చి బాపమ్మ ఒళ్ళో పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె నిమిరింది, అంచు వేళ్ళతో పట్టి చూసింది, చెంపకు ఆనించుకుంది. "మంచిగున్నది. ఉల్లిపొర రంగేనా?" అంది.

తాత ఆమె కళ్ళ ముందు చెయ్యి ఆడించాడు. ఆమె రెప్ప వేయలేదు. ఎప్పటి నుంచి ఇలా ఉందో ఆయనకు తెలియదు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

"నీకు కనవడంగనే నేసియ్యాల్నంటి. నాతోటి కాలే" అన్నాడు.

"అయ్యింది. చూసిన" అంది బాపమ్మ. "ఉల్లిపొర రంగు, నేరేడు అంచు. అంచు పక్కపొంటి నీ నూనె. కొంగు కాడికెల్లి కొస దాక చూసిన. కట్టిన గూడ. మరక నడుంల దోపుకొని కట్టిన."

"ఎప్పుడు?"

"నువ్వు డాబా మీద సుక్కలు చూసుకుంట కూసున్నప్పుడు. నాలుగైదు మార్లు కట్టిన. ఒకనాడు ఈ పిల్ల చెయ్యి వట్టుకొని మెట్లెక్కి నీకు చాయ గూడ ఇచ్చిన. నువ్వు గుంజ దిక్కే చూసుకుంట తాగినవ్."

"చెప్పకపోయినవేందే మరి?"

"చెప్తె మగ్గం దిగుతుంటివి. దిగి ఏం జేస్తుంటివి గీ ఊర్ల? మళ్ళ పొయ్యి వాకిట్ల నిలవడుతుంటివి."

వీధిలో మరమగ్గాల చప్పుడు ఎప్పటిలాగే పడుతోంది. తాత పంచె కొంగుతో ముఖం తుడుచుకుని నావైపు తిరిగాడు. నిజమేనా అని అడుగుతాడనుకున్నాను. ఆ మాట అడగలేదు.

"ఎట్లుండెనే బిడ్డా మీ బాపమ్మ, గా చీరల?" అన్నాడు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. బాపమ్మ ఒళ్ళోని కొత్త చీర పక్కన పెట్టి, తనూ విందామని కొంచెం ఇటు జరిగి కూర్చుంది.